ఊచల చట్రం కడిగిన వారం

నేను మొండిదాన్ని. ఈ మాట మా అత్త నోట మొదటిసారి విన్నది ఒక ఇనుప చట్రం దగ్గర.

అప్పటి మా జిల్లా కర్నూలే ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందని జనం మురిసిపోతున్న రోజులు. అర్ధవీడు పక్క ఊళ్ళో గొర్రెలు కాసే ఇంటికి కోడలిగా వచ్చి నాకింకా ఏడాది నిండలేదు. పెరట్లో మూడు రాళ్ళ మీద కమ్మరి చేసిన ఊచల చట్రం ఉండేది. గొర్రె తల, కాళ్ళు దాని మీదే కాల్చేవాళ్ళు. దానికి నీళ్ళు తాకకూడదు, తాకితే మందకు కీడట. అందుకని అత్త కాపురానికి వచ్చిన నాటి నుంచి కారిన కొవ్వంతా వేలు మందాన ఊచల మీదే పేరుకుపోయింది. వెంట్రుకలు, చీమలు, ఎండెక్కితే కంపు. జాతర నాడు దాని మీద కాల్చిన తలకాయ తిని రెండు రోజులు కక్కుకున్నాను. మూడో రోజు లేచి, ఇక చాలనుకున్నాను.

దొంగచాటుగా చేయలేదు. అత్త చూస్తుండగానే నీళ్ళ కుండ తెచ్చి పక్కన పెట్టుకున్నాను.

"ఏందమ్మీ ఇది? నీళ్ళు తగలనీయొద్దని చెప్పినా కదా!"

"చెప్పినావు. కక్కింది నువ్వు కాదు కదా అత్తా."

"మొండిదానా! వారం లోపల మందలో ఒక్క జీవం పోయినా నీ పుట్టింటికి పోతావు."

"పోతా. ఏమీ పోకుంటే దీన్ని కడిగే పని ఇంక నాది. అడ్డం రావద్దు."

నోరైతే అట్లా అన్నది. నాకు అమ్మ లేదు. అన్న ఇంట్లో రెండు పూటలు కూర్చునే చోటు లేదు.

ముందు చట్రాన్ని నిప్పుల మీద కొవ్వు కరిగి కారేదాకా కాల్చాను. వేడి తగ్గకముందే మార్కాపురం పలకరాయి ముక్కతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. చాకలివాళ్ళు బట్టలకు వాడే చవుడు మన్ను తడిపి ప్రతి ఊచకూ పూసి మధ్యాహ్నం దాకా వదిలేశాను. తర్వాత చింతపండు, బూడిద, బీరపీచు. మోచేతుల దాకా మసి, రెండు గోళ్ళు విరిగాయి. చివరికి ఇనుము కనిపించింది. కడిగి, మంట మీద ఆరబెట్టి, తుప్పు పట్టకుండా ఆముదం రాశాను. బాగుందని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

ఆ వారం రోజూ సాయంత్రం మంద దొడ్డికి రాగానే అత్త ఒక పక్క, నేనొక పక్క నిలబడి చూసేవాళ్ళం. ఐదో రోజు ఒక గొర్రె పొట్ట ఉబ్బి, దొడ్డి వాకిట్లోనే కాళ్ళు తన్నుకుని చచ్చింది.

"చూసినావా? మూట కట్టుకో," అంది అత్త.

నేను వంగి గొర్రె నోరు తెరిచాను. పళ్ళ సందున పచ్చగా జొన్న పిలకలు. కోత తర్వాత వానకు జొన్న మోళ్ళు చిగిరిస్తే ఆ పిలకలు జీవాలకు విషమని ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు.

"నేను కునుకు తీసింది ఒక్క గడియే," అన్నాడు మంద తోలుకొచ్చిన మా ఆయన. ఎవరూ ఆయన్ని అడగలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే.

అత్త కొడుకు వైపు చూసింది. అయినా ఒక్క మెట్టు దిగలేదు. "జీవమైతే పోయింది. మాట మాటే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను పోను. పుట్టింటికి పంపాల్సింది నన్ను కాదు, నిద్రపోయినాయన్ని. ఆయన పుట్టిల్లు ఇదే గదా, యాడికి పంపుతావో పంపు!"

అని విసవిసా పెరట్లోకి పోయి, చట్రం కిందికి లాగి, చెంబుతో నీళ్ళు ముంచాను. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ కడగబోయాను.

అత్త వెనకే వచ్చి నా చేతిలో చెంబు లాక్కుంది. నెత్తిన కొడుతుందేమోనని కళ్ళు మూసుకున్నాను. నీళ్ళు ఇనుము మీద పడిన చప్పుడైంది.

"ఆ మూలన ఇంకా జిడ్డుంది," అంది అత్త. "కండ్లు కనపడటం లేదా? రుద్దు."