పడుగు పట్టుకుని నడిచినవాడు

ఆదోనిలో మా ఇంట్లో నూలు చీరకు గంజి పెట్టినప్పుడల్లా, ఆ పుల్లటి వెచ్చని వాసన నన్ను ఎమ్మిగనూరులో నేను పుట్టిన మగ్గాల వీధికి లాక్కుపోతుంది. దసరా పోయి చలి మొదలయ్యే రోజుల్లో, పొద్దున్నే వీధి పొడవునా నిలువు పోగుల పడుగులు సాగదీసి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వుతుంటే, మేం పిల్లలం వాటి కింద దూరిపోతూ, వీపులకు గంజి పూసుకుని, బొరుగులు బుక్కుతూ, తిట్లు తింటూ తిరిగేవాళ్లం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా గృహవిజ్ఞానం టీచరు పిల్లల ఎదుగుదల పాఠం మొదలుపెట్టి, ఇంటి దగ్గర ఒక పసిబిడ్డను గమనించి రమ్మన్నారు. నాకు మా చిన్నమ్మ కొడుకు ఈరేశు దొరికాడు. మొదటి పుట్టినరోజు దాటి నెలలైనా వాడింకా అడుగు వేయలేదు. వీధిలో ఆడవాళ్లు తలో మాటా అంటుంటే చిన్నమ్మకు అన్నం సహించేది కాదు.

చూడమన్నారు కదా అని వాణ్ణి కళ్లప్పగించి చూశాను. పొద్దస్తమానం ఉయ్యాల్లోనో మా అవ్వ ఒళ్లోనో ఉండేవాడు. నేసేవాళ్లు కాళ్లాడించే మగ్గం గుంట ఇంటి మధ్యలోనే ఉంది. పడతాడన్న భయంతో వాణ్ణి నేల మీద వదిలినవాళ్లే లేరు. బిడ్డకు తిరగడానికి చోటు కావాలని టీచరు చెప్పింది గుర్తొచ్చి, అవ్వకు పాఠం చెప్పబోయాను.

"గుంటలో పడితే మీ టీచరమ్మ వచ్చి ఎత్తుకుంటాదా? పోవే, సూసినాంలే నీ సదువు!" అంది అవ్వ.

ఆదివారం నేనే వాణ్ణి వీధిలోకి ఎత్తుకుపోయి పడుగు పక్కన దించాను. వాడు అంచు పోగులు గుప్పిట పట్టి లేచి నిలబడ్డాడు. నేను పట్టుకోబోయాను. పడుగు చెడితే ఇంటిల్లిపాది కష్టం మట్టిపాలు. చిన్నాయన కుంచె పట్టుకునే పరుగున వచ్చాడు, వస్తూ వస్తూ ఆగిపోయాడు. ఈరేశు ఒక కాలు కదిపాడు, తర్వాత రెండోది.

"తెగితే అతుకుతాంలే! ఎవురూ వాన్ని పట్టుకోవద్దండప్పా, రానీయండి!" అని అరిచాడు చిన్నాయన.

పోగులు తెగుతూనే ఉన్నాయి, వాడు నడుస్తూనే ఉన్నాడు. వీధి వీధంతా పని ఆపి చూసింది. చిన్నమ్మ గడపలోనే కూలబడి ఏడుస్తూ నవ్వింది. అవ్వ ఆ మధ్యాహ్నం ఓళిగలు చేసి ఇంటింటికీ పంచి, టీచరమ్మకూ ఓ పొట్లం కట్టింది. నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

ఇప్పుడు ఆ వీధికి సిమెంటు రోడ్డు వేసి, దాని మీద బైకులు నిలబెడుతున్నారు. మగ్గం గుంటలు పూడ్చి బండలు పరిచారు. పిల్లలు తిరగడానికి ఇల్లంతా నేలే. మొన్న ఈరేశు తన కూతురి తొలి అడుగులు ఫోన్లో వీడియో తీసి పంపాడు. తలుపు వేసిన గదిలో ఆ పిల్ల నడుస్తుంటే చప్పట్లు కొట్టింది వాడి భార్య ఒక్కతే. ఆదోనిలో, వంటింట్లో ఫోను గట్టు మీద పెట్టి, నేనూ కొట్టాను.