తుడవకుండా వదిలిన చుక్క

మా అక్క నోర్లీన్ మొగుడు వెర్లిన్ స్టకీ ముప్ఫై ఏడేళ్ళు పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేశాడు. మా ఊళ్ళో అరవై దాటినవాళ్ళలో సగం మంది ఆయన చేసిన పళ్ళతోనే నవ్వుతారు. మనిషి అంత నిదానం, అంత శుభ్రం. పెరట్లో మిషనుతో గడ్డి కోశాక మళ్ళీ కత్తెర పట్టుకుని వెళ్ళి, మిగిలిన పోచలు ఒక్కొక్కటే కత్తిరిస్తాడు. పెళ్ళయిన కొత్తలో అక్క గుడ్డు వేయించి పెడితే, అంచు గుండ్రంగా లేదని చాకుతో సరిచేసుకుని తిన్నాడట. ఈ సంగతి అక్క నలభై ఆరేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. ఆయన వింటూ, బల్ల మీద ఉప్పు డబ్బానీ మిరియాల డబ్బానీ ఒక వరసలోకి జరుపుతూ ఉంటాడు.

నేను స్కూలు బస్సు నడుపుతాను. రెండు ట్రిప్పుల మధ్య ఖాళీగా ఉంటాను కాబట్టి, వెర్లిన్ గరాజులో స్పానర్లు అందించే పని నాది. పదకొండేళ్ళు అందించాను.

గరాజులో ఉన్నది 1970 నాటి రెడ్‌టెయిల్ కారు. నారింజ రంగు, రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్టు చేస్తే వంటింట్లో అక్క కప్పులు గజగజలాడతాయి. మా ఊరి ఫ్యాక్టరీలోనే తయారైన బండి. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు గోడౌను. ఒక రైతు కొట్టంలో, వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెడుతుండగా దొరికింది వెర్లిన్‌కి. ఆఖరి స్క్రూ దాకా విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. పాత కార్లు సేకరించేవాళ్ళ పత్రికలో అమ్మకానికి ప్రకటన వేశాడు. అందులో ఒక్క వాక్యం కోసం మూడు రోజులు ఆలోచించాడు: 'ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో, సరిగ్గా అలాగే.'

మంగళవారం నాడు అయోవా నుంచి గ్రేడీ హోల్‌కూమ్ అనే పెద్దమనిషి వచ్చాడు. అలాంటి బండ్లు ఆయనకి పద్నాలుగున్నాయట. టార్చిలైటూ, పుల్లకి కట్టిన చిన్న అద్దమూ పట్టుకుని అరగంట బండి కింద దూరాడు. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"బ్రహ్మాండంగా ఉందండి. అదే చిక్కు."

వెర్లిన్ నా వైపు చూశాడు. నేను స్పానరు వైపు చూశాను.

"ముందు ఈ రేకు చూడండి, రేడియేటరుని పట్టుకునేది," అన్నాడు గ్రేడీ. "గ్రిల్లు సందుల్లోంచి నారింజ రంగు కనబడకూడదని అప్పట్లో దీనిమీద నల్ల రంగు కొట్టేవాళ్ళు. కొంత పడేది, కొంత పడేది కాదు, అంచుల మీద మసిలా పోయేది. మీరేమో స్కేలు పెట్టి గీసినట్టు కొట్టారు. గేటు దాటిన రోజు ఇలా లేదండీ ఇది."

శనివారం అదే దారిన వెనక్కి వెళతానన్నాడు. ఈలోగా సరిచేస్తే కొంటానన్నాడు. "లేకపోతే ప్రకటనలో ఆ వాక్యం తీసేయండి. వేరే ఎవరైనా కొనుక్కుంటారు."

"ఆ వాక్యం తీసేస్తే ఇంకేం మిగిలింది?" అన్నాడు వెర్లిన్, ఆయన వెళ్ళాక, బండి వైపు తిరిగి.

ఆ రేకుకి మళ్ళీ నారింజ రంగు వేసి, బుధవారమంతా అట్టముక్కల మీద చెడ్డగా రంగు కొట్టడం సాధన చేశాడు. పదిహేడు అట్టలు. కారిన చుక్కలు కూడా సమాన దూరంలో కారాయి. అక్క కాఫీ ఇవ్వడానికొచ్చి చూసి, "చెడగొట్టడమంటే ఇదా? ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవచ్చు," అంది. నేనో అట్ట ప్రయత్నించాను. పందిపిల్ల బురదలో దొర్లి లేచినట్టొచ్చింది.

"అజాగ్రత్తగా కొట్టమన్నాను గానీ, మరీ ఇంత కాదు," అన్నాడు వెర్లిన్.

"బెర్నిస్ కొవాక్‌ని అడగరాదూ?" అంది అక్క. "ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ఫ్యాక్టరీలో రంగు చిమ్మే గన్ను పట్టింది."

"ఆవిడ వద్దు," అన్నాడు వెర్లిన్. ఎందుకో చెప్పలేదు. గురువారం ఇంకో తొమ్మిది అట్టలు పాడుచేయలేక పాడుచేశాడు. శుక్రవారానికి వేరే దారి లేకపోయింది.

ఈస్టరు ముందు శుక్రవారాల్లో మధ్యాహ్నం మా చర్చి నేలమాళిగలో చేపలు వేయిస్తారు. ఎనభై మూడేళ్ళ బెర్నిస్ పట్టకారుతో నూనె మూకుడు దగ్గర నిలబడి ఉంది. మేం ముగ్గురం ప్లేట్లతో వరసలో నుంచున్నాం. మా వంతు రాగానే వెర్లిన్ టోపీ తీశాడు.

"మిసెస్ కొవాక్, అప్పట్లో మీరు ఆ నల్ల రంగు... కాస్త... స్వేచ్ఛగా కొట్టేవారు కదండీ..."

"స్వేచ్ఛగానా?"

సాయం చేద్దామనే ఉద్దేశంతోనే నేను కల్పించుకున్నాను. "అంటే గజిబిజిగా అండి."

మా వెనక వరసంతా మాటలాపేసింది. బెర్నిస్ మూకుడంతా వెతికి, ఒక తోక ముక్క తీసి నా ప్లేటులో పెట్టింది.

"నిమిషానికో బండి వచ్చేది నాయనా నా ముందుకి. చూపు పడేచోట నలుపు పడాలి. పడనిచోట పడితే ఫోర్‌మన్ మీదికొచ్చేవాడు, రంగేమన్నా మీ నాన్న కొన్నాడా అని. గజిబిజి కాదది. లెక్క."

"తప్పయిందండీ," అన్నాం ఇద్దరం.

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసి వెర్లిన్‌ని పరికించింది. "నా పళ్ళు చేశావు గానీ, అప్పుడు మాస్కు కట్టుకున్నావు, గుర్తుపట్టలేదు. నువ్వు ఫ్యాక్టరీలో లైను ఆపిన కుర్రాడివి కదూ?"

వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"పందొమ్మిదేళ్ళుంటాయేమో అప్పుడు," అని వరసంతటికీ చెప్పడం మొదలుపెట్టింది. "తలుపులు బిగించే పని. ఒక్కో బోల్టూ రెండుసార్లు బిగించి, మళ్ళీ వేలితో తడిమి చూసేవాడు. వెనకాల బండ్లన్నీ ఆగిపోయాయి. తొమ్మిదో రోజున పంపించేశారు. ఇతని పుణ్యమా అని మేం పావుగంట కూర్చుని కాఫీ తాగాం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంత వేడి కాఫీ అదొక్కటే."

మా ఇంట్లో ఆ ఉద్యోగం కథ వేరే ఉండేది. అక్క క్యాబేజీ కూర ప్లేటు పట్టుకుని వెనక నుంచి అంది: "శబ్దం పడక మానేశానన్నావు నాతో."

"ఫోర్‌మన్ చాలా గట్టిగా అరిచాడు, నోర్లీన్," అన్నాడు వెర్లిన్.

బెర్నిస్ నవ్వింది. ఆయన చేసిన పళ్ళన్నీ కనబడ్డాయి. "చేపలయ్యాక వస్తా. తీసుకెళ్ళడానికి ఈ గజిబిజి బాబుని పంపు."

ఖాళీ స్కూలు బస్సులో, ముందు సీటులో కూర్చుని వచ్చింది. వెర్లిన్ గ్రిల్లు తీసిపెట్టి, ఆ రేకు తప్ప మిగతా బండికంతా కాగితాలు అంటించి ఉంచాడు.

"ఏంటిది, దెబ్బలు తగిలాయా దీనికి? పీకేయ్. అప్పుడు మాకు కాగితాలెవరంటించారు?"

వెర్లిన్ ఒక్కొక్క కాగితమే, చర్మం ఊడివస్తున్నట్టు మొహం పెట్టి తీశాడు. బెర్నిస్ అట్ట మీద గన్ను ఒకసారి ఊది చూసింది. కాళ్ళు ఎడంగా పెట్టింది. చెయ్యి కదపలేదు, నడుము తిప్పింది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి. పదకొండు సెకన్లు. గన్ను నా చేతికిచ్చి కుర్చీ అడిగింది.

ఎడమ మూలన నారింజ రంగు అలాగే మిగిలింది. అంచుల మీద మసి వాలింది. మధ్యలో ఒక చుక్క చేరి, మెల్లిగా జారి, బొటనవేలంత పొడుగు చారై ఆగింది. వెర్లిన్ చెయ్యి గుడ్డతో సహా ముందుకెళ్ళింది.

"ముట్టుకున్నావంటే రెండోసారి లైను ఆపినట్టే," అంది బెర్నిస్.

గుడ్డ జేబులోకి వెళ్ళింది. ఆయన నీళ్ళు తేవడానికి లోపలికెళ్ళినప్పుడు, ఆవిడ లేచి బండి తలుపు తీసి వేసింది. మళ్ళీ తీసి, వేసింది. వేలితో తోసినా మెత్తగా పడుతోంది.

"ఇలాంటి తలుపు మా దగ్గర్నుంచి ఒక్కటీ బయటికెళ్ళలేదు," అంది నాతో. "అతనికి చెప్పకు, ఇంకా నెమ్మదిస్తాడు."

నేను సాయంత్రం బస్సు ట్రిప్పు అయ్యేదాకా ఆగి చెప్పేశాను. వెర్లిన్ ఉప్పు డబ్బా పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉన్నాడు.

శనివారం గ్రేడీ వచ్చి టార్చి వేశాడు. ఆ చార దగ్గర వెలుగు చాలాసేపు ఆగింది.

"ఎవరు కొట్టారండీ ఇది?"

"అప్పట్లో కొట్టినావిడే. నిన్న."

ఆయన టార్చి ఆర్పి, చెక్కు పుస్తకం తీశాడు. బండి కాగితాల్లో, ఎవరు ఏ పని చేశారో రాసే చోట వెర్లిన్ స్వయంగా రాశాడు: ముందు రేకు మీద నలుపు, బెర్నిస్ కొవాక్, ఆ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు. మిగతాదంతా వెర్లిన్ స్టకీ, అదే ఫ్యాక్టరీలో తొమ్మిది రోజులు. అక్క చదివి, తొమ్మిది కింద గీత గీయమంది. గీశాడు, స్కేలు పెట్టి.

బండిని లారీ ఎక్కించేముందు గ్రేడీ సంతకాలు పెడుతుంటే, వెర్లిన్ కనబడలేదు. వెళ్ళి చూస్తే బండి ముందు వంగి ఉన్నాడు. చేతిలో గుడ్డ.

"వెర్లిన్."

"దుమ్ము," అన్నాడు, తలెత్తకుండా.

పక్కకి నెట్టి చూశాను. చార అలాగే ఉంది. దాని చుట్టూ మాత్రం అద్దంలా మెరుస్తోంది.