యంత్రాన్ని అడిగి తెప్పించిన మేస్త్రి

పోయిన ఆదివారం మా పాత యూనిట్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క వచ్చింది: ‘మేస్త్రి పోయాడు. గుండెపోటు.’ కాసేపటికి ఎవరో, ‘మన పేర్లు చదివినోడేనా?’ అని అడిగారు. తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు. నాకు పని నేర్పిన మనిషి ఆయన. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

విశాఖ శివార్లలో విమానం రెక్కల భాగాలు తయారుచేసే యూనిట్ మాది. పైరేకుకీ లోపలి చట్రానికీ కలిపి రంధ్రాలు వేయాలి, వాటిలో రివెట్లు బిగించాలి. జాలరిపేట నుంచి ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని చేరిన నాకు మేస్త్రి నెల్లాళ్ళు తుక్కు రేకులే ఇచ్చారు. వంకరగా వేస్తే ఆ రేకును అందరి ముందూ నేలకేసి కొట్టేవారు. “సేప తప్పిపోతే ఇంకో సేప దొరుకుతాది. ఇక్కడ కన్నం తప్పితే రెక్కే పోద్ది. అందులో జనం కూకుంటారు,” అనేవారు. మధ్యాహ్నం వేడికి రేకు సాగుతుందనీ, పొద్దున పెట్టిన గుర్తును అప్పుడు నమ్మకూడదనీ నేర్పింది ఆయనే.

ఏళ్ళ తరబడి డ్రిల్లు అదురుకి ఆయన వేళ్ళు చచ్చుబడ్డాయి. చలికాలం తెల్లగా పాలిపోయేవి. చొక్కా గుండీలు భార్య చేత పెట్టించుకుని డ్యూటీకి వచ్చేవారు. ఒకరోజు నా వేళ్ళు నొక్కి చూసి, “తిమ్మిరెక్కుతన్నాయా?” అన్నారు. అప్పుడప్పుడూ, అన్నాను. ఆ వారమే మేనేజరు గదికి వెళ్ళి, చక్రాల మీద తిరుగుతూ తనే రంధ్రాలు వేసే రోబో తెప్పించమని అడిగారు. “అదురు పనంతా అది సేత్తాది. మీరు కొలతలు సూసుకుందురు గాని,” అని మాతో సంబరంగా చెప్పారు.

రోబో వచ్చింది. రేకు పక్కన కదిలి, ఆగి, కెమెరాతో చూసి, రంధ్రం వేసి ముందుకు జరిగేది. పొద్దున బాగానే చేసేది, మధ్యాహ్నాలు తప్పేది. ఎందుకో ఇంజినీర్లకు అంతుపట్టలేదు. ఆగిన ప్రతిచోటా గుర్తును మళ్ళీ చూసుకునేలా మార్పించింది మేస్త్రే. అది తప్పులు మానేసిన నెలకి మేనేజరు మమ్మల్ని వరసలో నిలబెట్టి, మేస్త్రి చేతిలో ఒక కాగితం పెట్టాడు.

“మీరే చదవండి. మీ మాటైతే వింటారు.”

ఉద్యోగాలు పోయిన పదకొండు మంది పేర్లు. నాది ఏడోది. అది చదివాక కాగితం ఆయన వేళ్ళలోంచి జారిపోయింది. వంగి తీయబోతే పట్టు చిక్కలేదు. సిమెంటు నేల మీద గోళ్ళతో గీకుతూ ఉండిపోయారు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. వంగలేదు. ఎవరమూ వంగలేదు.

ఆయన్ని మాత్రం ఉంచారు, రోబో వెనకాల రాలే రేకు రజను ఊడవడానికి.

కొన్నాళ్ళకి ద్వారకా నగర్ బస్ కాంప్లెక్సులో ఎదురుపడ్డారు.

“ఏటమ్మా, ఏటి సేత్తన్నావ్?”

“మీరు పేరు చదివారు కదా, ఊరు తిరుగుతన్నాను.”

“నాను మిషనే అడిగానమ్మా. ఆ కాగితం అడగలేదు.”

“మీ కొత్త శిష్యుడికి తిమ్మిర్లు లేవు కదా మేస్త్రిగారూ?”

మాట తగిలిందో లేదోనని మొహంలోకి చూశాను కూడా. తగిలింది. బస్సొస్తే ఎక్కేశాను. తర్వాత ఆయన చాలాసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

ఇప్పుడు మధురవాడ అపార్ట్‌మెంట్లలో కిటికీలకు కొలతలు తీస్తున్నాను. పొద్దున్నే చన్నీళ్ళు తగిలితే నా వేళ్ళు జివ్వుమంటాయి, చచ్చుబడలేదు. ఆయన కోరుకున్నదాంట్లో అంతవరకూ జరిగింది.

సోమవారం గాజువాకలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పదకొండు మందిలో నేనొక్కదాన్నే. ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసి, “జాలరిపేట పిల్లవి నువ్వేనా? ఫోనెత్తేదానివి కాదు,” అంది. కోపం లేదు, ఆనవాలు పట్టడానికి అడిగిందంతే. “ఆయన వేళ్ళకి నెంబరు పడేది కాదమ్మా. నానే నొక్కి సెవికాడ పెట్టేదాన్ని.”

పాడె వెంట నడిచిన ఆడవాళ్ళం వీధి మలుపు దగ్గరే ఆగిపోయాం. పాడె మెయిన్ రోడ్డెక్కేసరికి మా యూనిట్ షిఫ్ట్ బస్సు ఎదురొచ్చింది. డ్రైవరు ఇంజిన్ ఆపాడు. అంత పెద్ద బస్సులో నలుగురే ఉన్నారు. రజను ఊడ్చే ముసలాయన వాళ్ళకి తెలిసే ఉంటాడు. ఎవరూ దిగలేదు. చల్లుతున్న పేలాలు లోపల పడకుండా ఒకడు అద్దం మూశాడు. శవం దాటగానే బస్సు కదిలింది. పాడె మీంచి రోడ్డున రాలిన బంతిపూలు వెనక టైరుకి అతుక్కుని, దాంతోపాటే గిరగిరా తిరుగుతూ యూనిట్ వైపు వెళ్ళిపోయాయి.