జీపులో గడప

చింతపల్లి వెళ్లే సర్వీసు జీపులో కాళ్లకు అడ్డంగా ఉన్న పొడవాటి చెక్క మీద కాలు పెట్టాను.

“కాలు తియ్యి బాబూ. అది గడప,” అంది ఎదుటి సీట్లో నడివయసావిడ. దానికి రాసిన పసుపు ఇంకా చెరగలేదు. తలుపులు, వాసాలు జీపు టాపు మీద ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి ఆవిడ ఇల్లు కూలుస్తామన్నారట.

“మిషను రాకముందే నానే ఇప్పీసినాను. ఆళ్లు కూలగొడితే ముక్కలే మిగుల్తాయి. నాను ఇప్పితే మల్లీ కడతాను.”

“వేరే స్థలం ఇచ్చారా?” అడిగాను.

“ఇయ్యకపోతే ఏటి? కొండ వార మా సేను ఉంది. ముందు గడప పెడతాను. మిగతా ఇల్లు దానెనకే లెగుత్తాది.”

ఆ తర్వాత ఘాట్ మలుపుల్లో జీపు ఎంత ఊగినా ఎవరి కాలూ దానికి తగల్లేదు. చింతపల్లిలో అందరం గడప దాటి దిగాం. ఆవిడ కదల్లేదు.

“బేగి దిగమ్మా,” అన్నాడు డ్రైవరు.

“గడప లోపలుండగా నన్ను బయటికి పొమ్మంటావేటి?”

అతను రెండు చేతులతో ముందు గడపను దించాడు.