రెండు సంస్థానాల చెప్పులతో నాగర్‌కర్నూలు దాకా

రాయచూరు సంతకు ఎడ్లను తోలుకుపోవడం నాకు ఇరవయ్యేళ్ల వృత్తి. మూడు రోజుల నడక. ఈ ఏడు కుడి మోకాలు మొరాయించింది. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే కూర్చోనివ్వదు. మా బామ్మర్ది అది కనిపెట్టాడు.

"నాలుగొద్దులు సూస్త బావా. మంచి చెప్పులు తెచ్చుకుంటవో, మందే తెచ్చుకుంటవో. శనారం గద్వాల టేషన్ల ఎడ్లతోని నిలవడ్త. కుంటుకుంట దిగినవనుకో, పగ్గాలు నాయే. నువ్వు ఇంట్ల కూసోని కతలు చెప్పుకో."

కతలు చెప్పడం నాకు చేతనవును గాని, మా ఇంట్లో వినేవాళ్లు లేరు. అందుకే బయలుదేరాను. పాత చెప్పులు పారేస్తుంటే మా ఇంటామె తీసి సంచిలో కుక్కింది.

బుధవారం ఉదయం ఆరింటికి గద్వాలలో చెప్పుల అంగడి తెరిపించాను. "మోకాలికి ఏమైంది పటేల్ సాబ్?" అన్నాడు అంగడి సాయిబు. ఉత్త నొప్పి అంటే ఎవరు గౌరవిస్తారు?

"ఏనుగు మీదికెళ్లి పడ్డ. నేను పడ్డంక అది మూడొద్దులు మేత ముట్టలే."

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "గట్లయితే ఎముక కదిలింది. జర గట్టి అడుగు కావాలె. అస్సలు వంగొద్దు."

పలకల్లాంటి జత ఇచ్చాడు. స్టేషను దాకా నేను నడిచినట్టు లేదు, నా కింద రెండు రోకళ్లు నడిచినట్టుంది. ఏడున్నర రైలు ఎనిమిదింబావుకు వచ్చింది. కృష్ణ వంతెన మీద జొన్నరొట్టె, పల్లీల పొడి తిన్నాను. వనపర్తి రోడ్డులో దిగి, బస్సెక్కి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి వనపర్తి చేరాను. అప్పటికి మోకాలు ఉదయం కంటే ఎక్కువ పలుకుతోంది. బజారులో ఒక వైద్యుడి అరుగెక్కాను.

ఏనుగు కథ కలిసిరాలేదు కదా అని ఈసారి ఎలుగుబంటిని తీసుకున్నాను.

"నిన్ను ఉరికిచ్చిందా?" అన్నాడు వైద్యుడు.

"నేనే దాన్ని ఉరికిచ్చిన."

"ఉరుకుడుకు నరాలు బిగుసుకపోయినయి. మెత్తటివి తొడుగు. ఎంత మెత్తగుంటె అంత మంచిది."

బూరుగుదూది పెట్టి కుట్టిన జత కొన్నాను. సత్రం దాకా దుక్కి బురదలో నడిచినట్టయింది. అడుగడుక్కి మడమ పక్కకు వాలి, మోకాలు లోపలివైపు గుచ్చింది. గట్టివి మంచివా, మెత్తవి మంచివా? తెల్లవారేదాకా తేలలేదు. ఏదో ఒకటి పనిచేయకపోతుందా అని గురువారం పొద్దున కుడికాలికి గద్వాలది, ఎడమకాలికి వనపర్తిది తొడుక్కుని నాగర్‌కర్నూలు బస్సెక్కాను.

అది బొగ్గు బస్సు. ప్రపంచ యుద్ధం మొదలైనకాడి నుంచి పెట్రోలుకు కరువు. వెనకాల పొయ్యి రాజేసి నడుపుతారు. ఎత్తు వస్తే అందరూ దిగి తోయాలి. నేను దిగలేదు. పక్కన కోడిగంప పెట్టుకున్న ముసలామె తోసి వచ్చి నన్ను చూసింది.

"దిగి తోయవేందయ్యా?"

"మోకాలవ్వా."

"టికెట్టు నీ మోకాలు తీసుకుందా?" అని, నా పాదాల వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో కొడుకా, గద్వాల, వనపర్తి రెండు సంస్థానాలు నీ కాళ్ల కాడ్నే కొట్లాడుతున్నయా! నాగర్‌కర్నూల్ల చెప్పులు కుట్టే బాలయ్య కాడికి పో. మాది ఆ పక్క వాడనే."

మూడింటికి ఆమె చూపించిన గుడిసె ముందు కూర్చున్నాను. బాలయ్య తోలు కోస్తున్నాడు, ఆయన భార్య దారానికి మైనం పడుతోంది. ఈసారి పులి. మొత్తం వినిపించాను.

"మల్ల పులి ఏమాయె?" అంది ఆమె.

"నా చేతుల్నే సచ్చింది."

"పాపం," అంది.

బాలయ్య తల ఎత్తలేదు. "పాత చెప్పులున్నయా పటేలా?"

సంచిలోంచి తీసిచ్చాను. తిరగేసి, బయటి అంచు మీద వేలు పెట్టాడు. "పులి గీ దిక్కే అరగదీసిందా?" వేలు మడమ కింద ఎత్తుగా పేర్చిన తోలు అట్టల మీదికి పోయింది. "గీ మూడట్టలు ఎవడేసిండు?"

"నేనే ఏయించిన."

"ఎందుకు?"

పులిని చంపినవాణ్ని, సంచి మూతి ముడేశాను. "సంతల అందరు నాకంటె పొడుగు. పొట్టోని మాట ఎవడింటడు?" అన్నాను. ఆ రెండు రోజుల్లో నేను పలికిన మొదటి నిజం అదే.

బాలయ్య నవ్వలేదు. "ఎద్దు నాడాలు ఎగుడుదిగుడుగుంటె కొంటవా?"

"కొనను."

"మల్ల నిన్నెవడు కొంటడు? మడిమ లేస్తే బరువంత మోకాలి మీద పడ్తది."

మూడట్టలూ పీకేశాడు. వేళ్ల దగ్గర వంగి నడుమ వంగని కొత్త అడుగు వేశాడు. పాదం జారకుండా మడమ వెనక ఒక పట్టీ కుట్టి, ఆముదం పట్టించి, శుక్రవారం మధ్యాహ్నానికి చేతికిచ్చాడు.

"నొప్పి పోతదా బాలయ్యా?"

"తగ్గుతది. మొత్తం పోతదో పోదో నాకు తెల్వదు. పులినడుగు."

తిరుగు దారిలో రెండు కొత్త జతలూ సంచిలో ఉన్నాయి, పాత జత కాళ్లకుంది. బస్సు ఆగినచోట రెండుసార్లు దిగి తోశాను. వనపర్తిలో నిద్రపోయి, శనివారం రైలు పట్టుకున్నాను. మోకాలు కాస్త తేలికైంది. అది చెప్పుల గుణమో, ఆముదమో, మూడు రోజులు ఎడ్ల వెంట నడవకపోవడమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నా వెనక పోయేవారికి ఒక్కటే చెప్పగలను: కొత్తవి అడగబోయే ముందు పాతవి చూపించండి, కథ తర్వాత చెప్పండి.

గద్వాలలో మెట్టు దిగాను. బామ్మర్ది నా కాళ్లు చూస్తున్నాడు. నేను కుంటలేదు. పై నుంచి కిందికి మళ్లీ చూశాడు.

"ఏంది బావా, గింత పొట్టిగైనవ్?"

కృష్ణలో పడి కుంచించుకుపోయానని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఇన్నేండ్లు అట్టల మీద నిలవడ్డ రా. పీకేయించిన."

వాడు చాలాసేపు నవ్వాడు. నవ్వి, పగ్గాలు నా చేతిలో పెట్టాడు.

ఎడ్ల వెనక నడక మొదలుపెట్టాను. ఇదివరకు వాటి మూపురాల మీదుగా దారి కనిపించేది, ఇప్పుడు మూపురాలే కనిపిస్తున్నాయి. ఎటు పోతున్నామో వాటికే తెలియాలి. మోకాలు మాత్రం ఏమీ అనలేదు.