దేవపాలు మామ చెప్పిన కియోకమ్మ చరిత్ర

మా జమ్మలమడుగులో దేవపాలు మామ ఆటో ఎక్కినవాళ్లు, దిగేలోపల కియోకమ్మ జీవితచరిత్ర వినక తప్పదు.

కియోకమ్మ జపాన్‌లో పేరుమోసిన జానపద గాయని. కొన్నేళ్ల కిందట గండికోటలో పాడటానికి వచ్చినప్పుడు ఆమెను ఇక్కడినుంచి కోటదాకా తీసుకుపోయింది మామే. అర్ధగంట ప్రయాణం. ఆమెకు తెలుగు రాదు. మామకు తెలుగు తప్ప మరొకటి రాదు. అయినా ఆమె పుట్టింది మొదలు పేరు తెచ్చుకునేదాకా జరిగిందంతా ఆ అర్ధగంటలో మామకు తెలిసిపోయింది. ఆమెతో దిగిన ఫొటోను ప్రొద్దుటూరులో పెద్దది చేయించి ఆటోలో అద్దం పక్కన తగిలించాడు.

ఒకసారి బోరు ఎండిపోయి, రామాంజులు దిగాలుగా ఆటో ఎక్కాడు.

"కియోకమ్మ నాయన నాలుగు బోర్లు ఏసినాడప్పా. చుక్క పడల్యా" అన్నాడు మామ.

"జపాన్లో గూడా బోర్లేనా మామా?"

"మరి వాళ్లేం తాగుతారప్పా?"

"ఐదోది ఏసినాడా?"

"ఏస్తాంటే కియోకమ్మ అడ్డం పండుకునింది. అందుకే ఆ ఇల్లు నిలబడింది."

ఖాజాబీ కూతురు పులివెందులలో ఇంటర్ తప్పి ఏడుస్తూ వస్తే, కియోకమ్మ మూడుసార్లు తప్పింది. సావిత్రమ్మ బర్రె చచ్చిపోయిన వారం, కియోకమ్మకు రెండు బర్రెలు పోయాయి. ఇన్ని కష్టాల్లో ఆమెకు పాడే తీరిక ఎప్పుడు దొరికిందా అని సావిత్రమ్మ జాలిపడేది.

పోయిన వానాకాలం మా ఇంటాయన కాలం చేశారు. ఆదివారాలు చర్చిలో ముందు వరుసలో పాడేదాన్ని. ఆయన పోయాక పాడలేక చర్చికి వెళ్లడమే మానేశాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ, "వచ్చి పాడు, మనసు తేలికవుతాది" అనేవారు. కాదనలేక ఒక ఆదివారం వస్తానని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నప్పటినుంచి అన్నం సయించలేదు. శనివారం మామ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కియోకమ్మ మొగుడు పోయినాంక రెండేండ్లు పాడల్యా రత్నమ్మా."

"ఊర్లోవాళ్లు ఊరుకున్యారా మామా?"

"యాడ ఊరుకుంటారు? పాడు పాడు అని పానం తీసినారు. ఆమె తలుపేసుకునింది. పాటేం యాడికీ పోల్యా."

మా అమ్మాయి రజిని ఫోన్లోంచి తలెత్తింది. "తాతా, ఈడ చూస్తే ఆమెకు పెండ్లే కాలేదంట. వాళ్ల నాయన చేపలు పట్టేటోడంట."

  మామ చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ లేవబోయాడు. కియోకమ్మ కథ విన్నాక రామాంజులు ఇంకో బోరు వెయ్యలేదు. ఖాజాబీ కూతురు మళ్లీ పరీక్షకు కూర్చుంటోంది. ఆ సంగతి నాకప్పుడే తట్టింది.

"రజినీ, అదే ఫోన్‌తో పాస్టరమ్మకు రేపు నేను రానని చెప్పు" అన్నాను. "నువ్వు కూర్చో మామా. సరిగ్గా రెండేండ్లేనా? మూడు గాదు గదా?"

మామ చెప్పులు వదిలి మళ్లీ అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"మూడే అయ్యుంటాదిలేమ్మా. ఆటో సప్పుడులో సరిగ్గా ఇనపడల్యా."