హకీం సాబ్ చెప్పిన సౌదా

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో, ఇంగ్లీషు పుస్తకం చంకలో పెట్టుకుని నడుస్తుంటే లాల్‌దర్వాజా గల్లీ నాకు ఇరుకనిపించేది. (గల్లీ ఇరుకే, నిజమే. నా ఉద్దేశం వేరు.) నాకు ఇరవై రెండేళ్లు, బడిలో తాత్కాలికపు పంతులు ఉద్యోగం. బడి వార్షికోత్సవంలో 'నేటి నాగరికత, ప్రాచీన గ్రీసు' అని నేను ఇంగ్లీషులో ఉపన్యసించాలి. అది బాగుంటే ఉద్యోగం ఖాయం చేయిస్తానన్నారు హెడ్మాస్టరుగారు. వారం రోజులు కూర్చుని రాశాను. అందులో నాకు మహా ముద్దొచ్చిన వాక్యం ఒకటుంది: "లోకమంతా గ్రీసు దగ్గర చదువుకుంది, మా గల్లీలకు మాత్రం ఆ గాలైనా సోకలేదు."

రోజు దగ్గరపడేకొద్దీ నాకు నిద్ర కరువైంది. తిండి సయించదు, ఊరికే దిగులు. ఉపన్యాసం రోజు పొద్దున్నే, బేగంబజార్‌లో కిరాణా టోకు వ్యాపారం చేసే మా మేనమామ నన్ను మా గల్లీ హకీం సాబ్ దగ్గరికి లాక్కెళ్లాడు. హకీం సాబ్ కళ్లు మూసుకుని చాలాసేపు నా నాడి పట్టుకుని, "ఈ పిలగానికి సౌదా మస్తు ఎక్కువైంది" అన్నారు.

మామ ముఖం మాడిపోయింది. మా ఇళ్లల్లో సౌదా అంటే బజారు సరుకు. "సౌదా నా దుకాన్ల ఉంటది గాని వీని కడుపుల ఎట్లుంటది సాబ్? బెల్లం గిట్ల ఎత్కపోయిండంటరా ఏంది?" అని నా వైపు అనుమానంగా చూశాడు. (చిన్నప్పుడు ఒక్కసారి. ఆ సంగతి ఇప్పుడెందుకు?)

హకీం సాబ్ గడ్డం ఊగేలా నవ్వారు. "అరే భాయ్, బజార్ సౌదా కాదు. ఒంట్ల నాలుగు రసాలుంటయ్. అండ్ల నల్ల పిత్తం పేరు సౌదా. అది పెరిగితే దిల్‌ల ఫికర్ పెరుగుతది. యూనాన్ పెద్దలు చెప్పిన్రు. మాది యునానీ వైద్యం గదా!"

యునానీ అన్న మాట పుట్టినప్పటి నుంచి వింటున్నాను. అర్థం అడగాలని ఏనాడూ తోచలేదు. "యూనాన్ అంటే ఎక్కడ సాబ్?" అన్నాను.

"మీ అంగ్రేజీల గ్రీస్ అంటరంట గదా బేటా, గదే."

జేబులో నా ఉపన్యాసం కాగితం బరువెక్కింది. నేను పుస్తకాల్లో వెతికిన గ్రీసు మా ఇంటికి నాలుగిళ్ల అవతల, పింగాణీ జాడీల మధ్య చాప మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఉంది. చాలా సిగ్గేసింది. ఆ వాక్యం కొట్టేయాలనే అనుకున్నాను. కాని సాయంత్రం వేదికెక్కి హెడ్మాస్టరుగారి ముఖం చూసేసరికి ధైర్యం చాలక, అక్షరం మార్చకుండా చదివేశాను. ఆ వాక్యానికి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది, మొదటి వరుసలో మామ పక్కన కూర్చున్న హకీం సాబే. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

కిందికి దిగగానే నా మణికట్టు పట్టుకుని, "సౌదా తగ్గింది బేటా. మంచిగ నిలవడి మాట్లాడినవ్" అన్నారు. షుక్రియా అన్నాను. ఏం చదివానో మాత్రం చెప్పలేకపోయాను.

ఉద్యోగం ఖాయమైంది, రిటైరూ అయ్యాను, హకీం సాబ్ ఏనాడో పోయారు. మొన్న దిగులుగా ఉందంటే డాక్టరు 'మెలాంకలీ' అన్నాడు. పంతులు బుద్ధి కదా, ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. గ్రీకు మాటట, 'నల్ల పిత్తం' అని అర్థమట. ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత నా మణికట్టు నేనే పట్టుకుని చూసుకున్నాను. ఆ ఇరవై రెండేళ్ల పంతులుకి సౌదా ఇంకా తగ్గలేదు.